అగ్ని తీర్చిన అరణ్యం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతిలో వినాశంగా కనిపించేదంతా వినాశం కాదు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయోద్యానవనంలో 1988లో చెలరేగిన దావాగ్నిని, ఆ తరువాత అక్కడ తిరిగి మొలకెత్తిన అడవిని పరిచయం చేస్తూ, అడవికీ అగ్నికీ గల సంబంధాన్ని, ఆ సంబంధంలో మానవుని బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

సంస్కృతంలో 'దవం', 'దావం' అని రెండు మాటలున్నాయి. ఈ రెండింటికీ అడవి అనే అర్థం ఉంది. అడవిని కాల్చే అగ్ని అనే అర్థమూ ఉంది. కాలేదానికీ, కాల్చేదానికీ ఒకే పేరు ఉండడం వింతగా తోచవచ్చు. తెలుగువారు ఆ అగ్నిని 'కార్చిచ్చు' అన్నారు. 'కారు' అంటే అడవి, 'చిచ్చు' అంటే నిప్పు. అడవి పేరు చేరకుండా ఆ నిప్పుకు పేరే లేదు.

నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వం చివర ఖాండవవన దహనం ఉంది. ఆకలిగొన్న అగ్నిదేవుడు ఖాండవాన్ని ఆహారంగా కోరడం, ఇంద్రుడు వాన కురిపించి అడ్డుపడడం, కృష్ణార్జునులు ఇంద్రుని ఎదిరించి అగ్నికి తోడ్పడడం అందలి కథ. అంతటి జ్వాలల నడుమ కూడా మందపాలుని సంతానమైన నాలుగు శార్ఙ్గక పక్షులు బ్రతికి బయటపడతాయి. సర్వం దగ్ధమైందనుకొన్న చోట కూడా ప్రాణం ఏదో ఒక మూల మిగిలి ఉంటుందని ఆ ఘట్టం చెప్పకనే చెబుతుంది.

ఈ మాటలోని సత్యాన్ని కన్నులారా చూడగల ప్రదేశం భూమిపై ఒకటుంది. అది యెల్లోస్టోన్ జాతీయోద్యానవనం.

పర్వతాల నడుమ ప్రథమోద్యానం

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమభాగంలో ఉత్తర దక్షిణాలుగా వ్యాపించిన రాకీ పర్వతశ్రేణిలో యెల్లోస్టోన్ ఉంది. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ ఎస్. గ్రాంట్ సంతకం చేసిన శాసనంతో ఇది ఏర్పడింది. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయోద్యానవనంగా దీనికి ప్రసిద్ధి. దీని వైశాల్యం సుమారు 8,983 చదరపు కిలోమీటర్లు. ఇందులో అత్యధిక భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉండగా, అంచులు మోంటానా, ఐడహో రాష్ట్రాలలోకి చొచ్చుకొనిపోయాయి. ఉద్యానంలో ఎక్కువ భాగం సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న పీఠభూమి. చుట్టూ ఉన్న కొండలలో ఎత్తైన ఈగిల్ శిఖరం 3,462 మీటర్లకు చేరుతుంది.

ఇది మానవస్పర్శ ఎరుగని చోటు కాదు. పదకొండువేల ఏండ్లకు పూర్వం నుండే ఇక్కడ మనుషులు సంచరించినట్లు ఆధారాలున్నాయి. షోషోనీ, క్రో, బ్లాక్‌ఫీట్, బానక్ మొదలైన ఆదివాసి జాతులకు ఈ నేలతో తరతరాల సంబంధం ఉంది. ఉద్యానవనం ఏర్పడిన నాటి నుండి లోకానికి తెలిసిన చరిత్ర మొదలైంది గాని, అడవి చరిత్ర దానికి ఎంతో ముందుది.

యెల్లోస్టోన్‌కు అగ్నితో సంబంధం రెండు విధాలైనది. మొదటిది భూగర్భంలోని అగ్ని. సుమారు 6 లక్షల 40 వేల సంవత్సరాల క్రిందట ఇక్కడ ఒక మహా అగ్నిపర్వతం బ్రద్దలై విశాలమైన గుంటను మిగిల్చింది. నేటికీ భూమి లోపలి వేడి వేలాది వేడినీటి బుగ్గలుగాను, ఆకాశానికి ఎగజిమ్మే గీజర్లుగాను వెలికి వస్తూనే ఉంది. అగ్నిపర్వతం పోసిన లావా గట్టిపడి రయొలైట్ అనే శిల అయింది. ఆ శిల అరిగి ఏర్పడిన మన్నులో సారం తక్కువ, నీరు నిలవదు. అటువంటి పేదనేలలో కూడా తృప్తిగా పెరిగే వృక్షం ఒకటుంది. దాని పేరు లాడ్జ్‌పోల్ పైన్. యెల్లోస్టోన్‌లో సుమారు ఐదింట నాలుగు వంతులు అడవి కాగా, ఆ అడవిలో అత్యధిక భాగం ఈ వృక్షానిదే. రెండవ అగ్ని, అంటే దావాగ్ని, ఈ చెట్టు జీవితంతో ముడిపడి ఉంది.

పశ్చిమ ద్వారం వద్ద

పశ్చిమ ద్వారం నుండి ప్రవేశించిన సందర్శకునికి మాడిసన్ నది పొడవునా రహదారికి ఇరువైపులా దట్టమైన పైన్ చెట్లు కనిపిస్తాయి. వాటిని కొంచెం పరికించి చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. చెట్లన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు, ఒకే ఈడు. ఒకే తరగతిలో చదివే పిల్లలవలె అవి భుజం భుజం ఆనించి నిలబడి ఉంటాయి. వాటి పాదాల వద్ద బూడిదరంగు దుంగలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. అక్కడక్కడ ఒక నల్లబారిన మోడు ఇంకా నిలిచి ఉంటుంది. పడిన దుంగలు పాత అడవి. నిలిచిన చెట్లు కొత్త అడవి. ఈ రెండింటికీ నడుమ జరిగినదే 1988 నాటి దహనం.

ఈ కొత్త చెట్లను ఎవరూ నాటలేదు. విత్తనాలను పాత చెట్లే దాచి ఉంచాయి. ఆ దాచిన తీరు ఆశ్చర్యకరమైనది.

పైన్ జాతి చెట్లకు మామిడివలె, వేపవలె కండగల పండ్లు ఉండవు. గట్టి పొలుసులతో శంకువు ఆకారంలో ఉండే కాయల నడుమ వాటి విత్తనాలు ఉంటాయి. లాడ్జ్‌పోల్ పైన్‌కు రెండు రకాల కాయలు కాస్తాయి. మొదటి రకం కాయలు పక్వానికి రాగానే విచ్చుకొని విత్తనాలను రాలుస్తాయి. రెండవ రకం కాయలు పండినా విచ్చుకోవు. వాటి పొలుసులను చెట్టులోనే ఊరిన జిగురు లక్కముద్రవలె గట్టిగా అతికించివేస్తుంది. ఏండ్ల తరబడి ఆ కాయలు కొమ్మలను అంటిపెట్టుకొనే ఉంటాయి. ఎండ వాటిని తెరవలేదు. వాన వాటిని తెరవలేదు. సుమారు 45 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినపుడు మాత్రమే జిగురు కరిగి పొలుసులు విడివడతాయి. నిలిచి ఉన్న చెట్టు కొమ్మపై అంతటి వేడి దావాగ్ని వలననే కలుగుతుంది.

లాడ్జ్‌పోల్ పైన్ బెరడు పలుచన. తీవ్రమైన మంటలో ఆ చెట్టు బ్రతకదు. కాని తల్లిచెట్టు కాలిపోతున్న ఆ క్షణంలోనే కాయల ముద్ర కరుగుతుంది. మంట దాటిపోయిన తరువాత లెక్కకు మిక్కిలిగా విత్తనాలు బూడిదపై రాలుతాయి. ఎత్తైన చెట్ల నీడ తొలగినందున నేలమీద ఎండ పడుతుంది. బూడిదలోని లవణాలు మన్నుకు కొంత సారాన్నిస్తాయి. పోటీపడే మొక్కలు తక్కువ. నీడలో ఎదగలేని ఈ జాతి మొలకకు ఇంతకంటె అనుకూలమైన సమయం లేదు. ఒక తరం మరణం మరొక తరానికి జన్మముహూర్తం అవుతుంది.

అడవిలోని చెట్లన్నీ ఇదే ఉపాయాన్ని అవలంబించవు. ఉద్యానం ఉత్తరభాగంలో పెరిగే డగ్లస్ ఫర్ వృక్షానికి ముదిరిన కొలది బెరడు దళసరి అవుతుంది. ఆ బెరడే దానికి కవచం. నేలను ప్రాకే మంటలు అనేకం దానిని తాకి, మచ్చలు మాత్రం మిగిల్చి పోతాయి. ఆస్పెన్ అనే తెల్లని మాను గల చెట్టు మంటలో పడిపోయినా, నేలలోని దాని వేళ్ల నుండి కొత్త పిలకలు లేచి వస్తాయి. ఒకటి విత్తనాన్ని, ఒకటి బెరడును, మరొకటి వేరును నమ్ముకొన్నది. అగ్ని ఈ అడవికి అనుకోని అతిథి కాదని ఈ ఏర్పాట్లే సాక్ష్యం చెబుతున్నాయి.

అగ్నిని వెలివేసిన కాలం

అడవికి తెలిసిన ఈ విషయం మానవునికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1886లో ఉద్యానవన రక్షణ అమెరికా సైన్యానికి అప్పగించబడింది. సైనికులు వచ్చేనాటికే అక్కడ మంటలు మండుతూ ఉన్నాయి. వాటిని ఆర్పడం వారి తొలి కర్తవ్యాలలో ఒకటయింది. 1910 ఆగస్టు 20, 21 తేదీలలో ఐడహో, మోంటానా ప్రాంతాలలో చెలరేగిన భీకరాగ్ని సుమారు 30 లక్షల ఎకరాలను దహించి, 80 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ విషాదం తరువాత నిప్పును కనిపించిన చోటనే అణచివేయాలనే దృక్పథం దేశమంతటా బలపడింది. ఒక మంట గురించి సమాచారం అందితే మరునాటి ఉదయం 10 గంటలలోగా దానిని అదుపు చేయాలని 1935లో అమెరికా అటవీశాఖ నియమం చేసుకొన్నది. 1944 నుండి టోపీ పెట్టుకొన్న 'స్మోకీ' అనే ఎలుగుబంటి బొమ్మ అడవిలో నిప్పు ప్రమాదమని పిల్లలకూ పెద్దలకూ బోధిస్తూ వచ్చింది.

ఆ బోధలో అసత్యం లేదు. కాని అది పూర్తి సత్యం కాదు. కాలిన చెట్ల మానులలో మిగిలిన మచ్చలను, సరస్సుల అడుగున పేరుకొన్న బురదపొరలలోని బొగ్గు రేణువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు వేల ఏండ్లుగా ఈ అడవులు కాలుతూ, మొలుస్తూ వచ్చాయని గుర్తించారు. లాడ్జ్‌పోల్ పైన్ అడవులలో ఒక మహాదహనానికీ, మరొకదానికీ మధ్య సాధారణంగా 100 నుండి 300 ఏండ్ల వ్యవధి ఉండేదని తేలింది. 1963లో స్టార్కర్ లియోపోల్డ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం జాతీయోద్యానవనాలను సహజ ప్రక్రియలతో కూడిన సజీవ వ్యవస్థలుగా చూడాలని సూచించింది. 1968లో జాతీయోద్యానవనాల శాఖ తన విధానాన్ని మార్చుకొన్నది. 1972 నుండి యెల్లోస్టోన్‌లో నిర్ణీత ప్రాంతాలలో పిడుగుల వలన పుట్టిన మంటలు, జనానికీ కట్టడాలకూ ప్రమాదం లేనపుడు, వాటంతట అవే కాలి ఆరిపోయే వరకు విడిచిపెట్టబడ్డాయి. 1987 వరకు అలా మండిన మంటలు 235. అన్నీ కలిసి దహించినది సుమారు 34,000 ఎకరాలు మాత్రమే. చాలావరకు అవి చిన్న చిన్న మంటలుగానే ముగిశాయి.

అటు తరువాత 1988వ సంవత్సరం వచ్చింది.

ఆ వేసవి

1988 వసంతంలో వానలు బాగానే కురిశాయి. ఆ ధీమాతోనే వేసవి ఆరంభంలో పిడుగుల వలన పుట్టిన మంటలను కొన్నింటిని పాత విధానం ప్రకారం విడిచిపెట్టారు. కాని జూన్ నుండి వాన ముఖం చాటేసింది. ఉద్యానవనంలో వాతావరణ వివరాలు నమోదు చేయడం మొదలైన నాటి నుండి అంతటి పొడి వేసవి లేదు. జూలై మూడవ వారానికి అధికారులు విధానం మార్చి, అన్ని మంటలనూ ఆర్పవలసిందేనని నిర్ణయించారు. అప్పటికి పరిస్థితి చేయి దాటింది.

జూలై 22న ఉద్యానం పడమటి సరిహద్దుకు ఆవల, పొరుగు అడవిలో కట్టె కొట్టడానికి వచ్చిన వారు పారవేసిన సిగరెట్టు ముక్క ఒకటి ఎండుగడ్డిని అంటుకొన్నది. దానిని మొదటి నుండి ఆర్పడానికే ప్రయత్నించారు. అయినా అది ఆగలేదు. 'నార్త్ ఫోర్క్' అని పేరుపొందిన ఆ మంట ఆ ఏటి మంటలన్నింటిలోను మిక్కిలి విస్తరించిన వాటిలో ఒకటయింది. పశ్చిమ ద్వారం వద్ద సందర్శకుడు చూసే లేత అడవి చాలావరకు ఆ సిగరెట్టు ముక్క దహించిన చోట మొలచినదే.

ఆగస్టు 20న పెనుగాలులు వీచాయి. ఆ ఒక్కరోజునే ఉద్యానంలోను, పరిసరాలలోను లక్షా యాభైవేల ఎకరాలకు పైగా అడవి కాలిపోయింది. అది శనివారం కావడం చేత దానిని 'బ్లాక్ సాటర్‌డే' అని నేటికీ పిలుస్తారు. మంటలు చెట్ల శిఖరాల మీదుగా పరుగెత్తాయి. వాటి నుండి ఎగసిన నిప్పుకణికలు మైలుకు పైగా దూరంలో పడి కొత్త మంటలను రగిల్చాయి. మంటను ఆపడానికి చెట్టుచేమ తొలగించి తీసిన ఫైర్ లైన్లు, వెడల్పైన రహదారులు, నదులు, చివరకు లోతైన యెల్లోస్టోన్ లోయ సైతం ఆ కణికలకు అడ్డు కాలేకపోయాయి.

సెప్టెంబరు 7న నార్త్ ఫోర్క్ మంట ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ప్రాంతాన్ని చుట్టుముట్టింది. క్రమం తప్పకుండా వేడినీటిని ఎగజిమ్మే గీజర్ వలన ప్రఖ్యాతమైన చోటు అది. దాని ప్రక్కనే 1904లో తెరవబడిన విశాలమైన కొయ్య భవనం, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ ఉంది. పట్టపగలే ఆకాశం చీకటయింది. పైకప్పుపై నీరు చిమ్మే యంత్రాలు, సిబ్బంది పట్టుదల, గాలివాటంలో వచ్చిన మార్పు కలిసి ఆ భవనాన్ని కాపాడాయి. పరిసరాలలోని కొన్ని చిన్న కట్టడాలు మాత్రం బూడిదయ్యాయి. నేడు ఆ గీజర్‌ను చూడడానికి వచ్చిన వారు ఒక్కసారి వెనుదిరిగి చుట్టూ ఉన్న కొండవాలులను చూస్తే, ఆనాటి మంట ఎంత చేరువకు వచ్చిందో అర్థమవుతుంది.

ఆ వేసవిలో మొత్తం మీద సుమారు 25,000 మంది మంటలను ఆర్పే పనిలో పాల్గొన్నారు. దాదాపు 12 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఉద్యానం వెలుపల ఇద్దరు విధినిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. ఇంతటి యత్నం ఎన్నో భవనాలను కాపాడింది గాని, మంటను మాత్రం ఆర్పలేకపోయింది. సెప్టెంబరు 11న కురిసిన కొద్దిపాటి వాన, మంచు ఆ పనిని ఆరంభించాయి. లెక్కలు తేలేసరికి ఉద్యానంలో 7,93,880 ఎకరాలు, అంటే నూటికి 36 వంతుల నేల మంటల పాలయింది.

కాలిన నేలలో కదలిన జీవం

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుండి తూర్పుగా సాగే దారి ఖండవిభాజక రేఖను దాటి యెల్లోస్టోన్ సరస్సు ఒడ్డుకు చేరుతుంది. అక్కడికి దక్షిణాన గ్రాంట్ విలేజ్ ఉంది. 1988 జూలైలో మంటలు సమీపించగా ఇక్కడి పర్యాటకులను ఖాళీ చేయించారు. అదే చోట ఉన్న సందర్శక కేంద్రంలో నేడు అగ్నిని గురించిన ప్రదర్శన ఏర్పాటయింది. ఆనాడు పత్రికలలోను, టెలివిజన్‌లోను యెల్లోస్టోన్ నాశనమైందని వార్తలు వెలువడ్డాయి. మంటలను మొదటనే ఆర్పనందుకు కొందరు అధికారులను నిందించారు. వందేళ్లుగా ఆర్పుతూ వచ్చినందుకే ఇంత ఎండుకట్టె పోగయిందని మరికొందరు నిందించారు. తరువాతి పరిశోధనలు ఈ రెండు వాదాలనూ పూర్తిగా సమర్థించలేదు. రెండు మూడు వందల ఏండ్లకొకసారి కాలే ఎత్తైన అడవులలో కొన్ని దశాబ్దాల అణచివేత తెచ్చిన మార్పు స్వల్పమే. అసలు కారణం తీవ్రమైన అనావృష్టి, దానికి తోడైన పెనుగాలి. అటువంటి సంవత్సరంలో మంటను పుట్టించడం మానవునికి సులభం. ఆపడం అతని శక్తికి మించిన పని.

ఇక అడవిలోని ప్రాణుల మాట. అంతటి దహనంలో మృగాలన్నీ నశించి ఉంటాయని లోకం భావించింది. కాని వేల సంఖ్యలో ఉన్న ఎల్క్ జాతి దుప్పులలో మంటలకు, పొగకు బలియైనవి సుమారు 345. బైసన్‌లు, ఎలుగులు చనిపోయినవి ఇంకా తక్కువ. పెద్ద జంతువులు చాలావరకు మంట దారి నుండి తప్పుకొన్నాయి. నేలలోని కలుగులు చిన్న జీవులెన్నింటికో ఆశ్రయమిచ్చాయి. అసలు కష్టం మంటల తరువాత వచ్చింది. వేసవిలో గడ్డి ఎండి, కొంత కాలిపోయి, ఆపై కఠినమైన శీతాకాలం రావడంతో మేత కరువై అంతకు ఎన్నో రెట్లు దుప్పులు మరణించాయి. అగ్ని మేలు చేస్తుందని చెప్పేవారు ఈ చేదు నిజాన్ని కూడా మరువరాదు.

మన్ను మాత్రం బ్రతికే ఉంది. వేళ్లు, విత్తనాలు నశించేంత లోతుగా నేల కాలిన చోట్లు అత్యల్పం. మరుసటి సంవత్సరమే నల్లని నేలపై పచ్చని గడ్డి మొలచింది. ఫైర్‌వీడ్ అనే మొక్క గులాబీరంగు పూలతో బూడిదను కప్పివేసింది. కాలిన మానులలో చేరిన పురుగుల కోసం వడ్రంగి పిట్టలు వచ్చాయి. అవి తొలిచి విడిచిన తొర్రలలో మౌంటెన్ బ్లూబర్డ్ అనే నీలిపిట్టలు గూళ్లు కట్టుకొన్నాయి. మోడును మృతవృక్షమని మానవుడు అనుకోవచ్చు. పక్షి దానిని ఇల్లనుకొంటుంది. కాలిన అడవిని చూడాలనే కుతూహలంతో 1989లో వచ్చిన సందర్శకుల సంఖ్య 1988 కంటె పెరిగింది.

వాష్‌బర్న్ శిఖరం నుండి

ఉద్యానం ఉత్తరభాగంలో 3,122 మీటర్ల ఎత్తున వాష్‌బర్న్ శిఖరం ఉంది. కాలినడకన దాని పైకి చేరవచ్చు. అడవిలో లేచే పొగను కనిపెట్టడానికి కట్టిన కాపలా బురుజు ఆ శిఖరంపై నిలిచి ఉంది. ఎన్నో ఏండ్లు అగ్నిని శత్రువుగా భావించి కాచుకొన్న ఆ చోటి నుండే అగ్ని చేసిన పని స్పష్టంగా కనిపించడం ఒక విశేషం.

క్రింద పరచుకొన్న అడవి ఒకే రంగులో ఉండదు. ఇక్కడ ముదురాకుపచ్చని పాత వనం, దాని ప్రక్కన లేతపచ్చని కొత్త వనం, నడుమ పచ్చికబయలు, అక్కడక్కడ బూడిదరంగు మోడుల గుంపు. రకరకాల గుడ్డముక్కలను కలిపి అమ్మమ్మలు కుట్టే బొంతవలె అది కనిపిస్తుంది. అగ్ని అంతటా ఒకే విధంగా కాలలేదు. ఒక చోట సర్వం దహించింది. మరొక చోట నేలను తాకి పోయింది. ఇంకొక చోట వదలివేసింది. ఈ వైవిధ్యమే అడవికి రక్ష. వేర్వేరు వయస్సుల చెట్లున్న అడవిలో వేర్వేరు ప్రాణులు జీవించగలవు. లేత అడవి సాధారణ సంవత్సరాలలో ముదురు అడవివలె తేలికగా మంటను అందుకోదు.

అయితే ఈ కథ సుఖాంతమైందని ఇక్కడ ముగించడానికి వీలులేదు. 2016లో యెల్లోస్టోన్‌లో మళ్లీ పెద్ద మంటలు లేచాయి. 1988 తరువాత ఒకే ఏడాదిలో అంత విస్తీర్ణం కాలిపోవడం అదే మొదలు. 1988లో కాలి, మళ్లీ మొలచిన 28 ఏండ్ల లేత అడవి కూడా ఈసారి కాలింది. 1988 దహనం నాటి నుండి ఈ అడవిని అధ్యయనం చేస్తూ వచ్చిన శాస్త్రవేత్త మోనికా టర్నర్, ఆమె సహచరులు యెల్లోస్టోన్‌లోను, దానికి దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్‌లోను ఇలా వెంటవెంటనే రెండుసార్లు కాలిన ప్రదేశాలను పరిశీలించి, 2019లో ఫలితాలను ప్రకటించారు. అక్కడ కొత్త మొలకల సాంద్రత సుమారు ఆరవ వంతుకు పడిపోయింది. కారణం సులభంగానే ఊహించవచ్చు. లేతచెట్ల కొమ్మలకు జిగురు ముద్రవేసిన కాయలు ఇంకా చాలినన్ని లేవు. తాళం తెరిచే అగ్ని వచ్చింది గాని, పెట్టె ఇంకా నిండలేదు. నేలపై పడి ఉన్న పాత దుంగలు సైతం అనేకచోట్ల పూర్తిగా కాలిపోయాయి.

భూతాపం పెరగడంతో పర్వతాలపై మంచు ముందుగా కరుగుతున్నది, వేసవి దీర్ఘమవుతున్నది, కట్టె త్వరగా ఎండుతున్నది. మూడు తరాలకొకసారి రావలసిన మంట ఒక తరంలోనే రెండుసార్లు వస్తే, ఎన్నో వేల ఏండ్లుగా తట్టుకొన్న అడవి కూడా కొన్నిచోట్ల పచ్చికబయలుగా మారే ప్రమాదముంది. ఒకనాడు మానవుడు అగ్నిని అడవి నుండి పూర్తిగా వెలివేయాలనుకొన్నాడు. నేడు తనకు తెలియకుండానే దానిని వేళకు ముందే అడవికి పంపుతున్నాడు. మొదటి పొరపాటును దిద్దుకోవడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. రెండవదానిని దిద్దుకోవడానికి అంత వ్యవధి లేదు.

అగ్ని అడవికి సహజమే గనుక నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండవచ్చునని ఎవరైనా భావిస్తే అది దురర్థం. యెల్లోస్టోన్‌లో నేటికీ మానవుల వలన పుట్టిన మంటలను ఆర్పడానికే ప్రయత్నిస్తారు. వంట నిప్పును అనుమతించిన చోటనే రాజేయాలి. నీరు పోసి, కలియబెట్టి, చేతికి వేడి తగలనంత చల్లారిన తరువాతనే అక్కడి నుండి కదలాలి. మోడులు గాలికి ఏ క్షణంలోనైనా కూలవచ్చు గనుక వాటి క్రింద విడిది చేయరాదు. కాలం తెలిసి వచ్చే పిడుగు వేరు, కాలం ఎరుగక విసిరిన సిగరెట్టు ముక్క వేరు.

'దావం' అనే మాటకు అడవి అనీ, అగ్ని అనీ రెండర్థాలు ఉన్నాయని మొదట చెప్పుకొన్నాం. యెల్లోస్టోన్‌లో నడిచినవారికి ఆ రెండర్థాలు ఒకదానికొకటి విరోధులుగా తోచవు. అక్కడ ఒక మూసుకొన్న పైన్ కాయను అరచేతిలోకి తీసుకొంటే అందులో అడవి ఉంది. దానిని తెరిచే నిప్పు కోసం నిరీక్షణ కూడా ఉంది. ఆ నిరీక్షణకు తగిన కాలాన్ని దానికి మిగల్చడమే మానవుడు అడవికి చేయగల ఉపకారం.

అర్థాలు

దావాగ్ని = అడవిని కాల్చే నిప్పు, కార్చిచ్చు
దగ్ధమగు = కాలిపోవు
తెనిగించు = తెలుగులోకి అనువదించు
పీఠభూమి = ఎత్తున ఉన్న చదునైన నేల
మోడు = ఆకులు, కొమ్మలు లేక ఎండిన మాను
పిలక = వేరు నుండి గాని మొదలు నుండి గాని లేచిన కొత్త మొక్క
దళసరి = మందం
అనావృష్టి = వానలు లేకపోవడం
కణిక = నిప్పురవ్వ
కలుగు = ఎలుక మొదలైనవి నేలలో చేసుకొనే బొరియ
ఖండవిభాజక రేఖ = నదీజలాలను రెండు సముద్రాల వైపు విడదీసే పర్వతరేఖ
సాంద్రత = దట్టం, ఒకచోట ఎన్ని ఉన్నాయన్న కొలత

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. లాడ్జ్‌పోల్ పైన్ జీవితానికీ దావాగ్నికీ గల సంబంధాన్ని వివరించండి.
2. యెల్లోస్టోన్‌లో 1988 నాటి దహనానికి దారితీసిన పరిస్థితులను, దాని ఫలితాలను విశ్లేషించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 1972 తరువాత యెల్లోస్టోన్‌లో మంటల విషయంలో ఎటువంటి విధానం అనుసరించారు?
2. కాలిన మోడులు పక్షులకు ఎలా ఉపయోగపడ్డాయి?
3. 'తాళం తెరిచే అగ్ని వచ్చింది గాని, పెట్టె ఇంకా నిండలేదు' అనే వాక్యంలోని అంతరార్థం ఏమిటి?

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. యెల్లోస్టోన్ జాతీయోద్యానవనం ఎప్పుడు ఏర్పడింది?
2. 'కార్చిచ్చు' అనే పదంలోని రెండు మాటలకు అర్థాలేమిటి?
3. నార్త్ ఫోర్క్ మంట ఎలా పుట్టింది?